రంగు దేనికి గుర్తు?

ఆమె ఒక తెలుగు దినపత్రికలో అంతర్జాతీయ పేజీ చూసే సబ్‌ఎడిటర్. ఆయన డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మాస్టారు. ఆమె ఆయన దగ్గరే చదువుకుంది. ఇజ్రాయెల్, పాలస్తీనా భూమి తగాదా మీద ఆదివారం సంచికకు సిద్ధం చేసిన పేజీ ప్రూఫును ఆయన చేతికిచ్చింది. ఆ ప్రూఫు మీద ఇద్దరికీ జరిగిన వాదన ఇది.

సబ్‌ఎడిటర్: ఈ నాలుగు మ్యాపులే పేజీకి ప్రాణం మాస్టారూ. 1946, 1947, 1949 నుంచి 1967 వరకు, ఇప్పటిది. మొదటిదాంట్లో దాదాపు అంతా ఆకుపచ్చ. చివరిదాంట్లో అక్కడక్కడ ఆకుపచ్చ మచ్చలు మిగిలాయి. పాలస్తీనీయుల భూమి ఎలా పోయిందో చదువు రానివాడికి కూడా తెలుస్తుంది.

మాస్టారు: అందుకే నాకు భయం. మొదటి మ్యాపు చూడు. ఈ తెల్లమచ్చలు దేనికి గుర్తు?

సబ్‌ఎడిటర్: యూదుల భూములకు.

మాస్టారు: యూదులు, వాళ్ల సంస్థలు కొని రిజిస్టర్ చేయించుకున్న భూములకు. అప్పటికి అవి మొత్తంలో ఆరేడు శాతం. మరి ఆకుపచ్చ?

సబ్‌ఎడిటర్: పాలస్తీనీయుల భూములకు.

మాస్టారు: కాదమ్మా. తెలుపు పోగా మిగిలినదానికంతా ఆకుపచ్చ వేశారు. అందులో అరబ్బు రైతుల సొంత పొలాలున్నాయి, వక్ఫు భూములున్నాయి, ప్రభుత్వ భూములున్నాయి. దేశంలో దాదాపు సగం ఉండే నెగెవ్ ఎడారి కూడా అందులోదే. వీటన్నిటి మీదా పాలన బ్రిటిష్‌వాళ్లది. మన ఊళ్లో పట్టా భూమి వేరు, పోరంబోకు వేరు, ఊరి మీద అధికారం వేరు. మొదటి మ్యాపు ఈ మూడిటినీ ఒకే రంగులో ముంచేసింది.

సబ్‌ఎడిటర్: సరే, మిగతా మూడూ?

మాస్టారు: రెండోది ఐక్యరాజ్యసమితి విభజన ప్రతిపాదన. అది అమలే కాలేదు. మూడోదాంట్లో వెస్ట్‌బ్యాంక్, గాజా ఆకుపచ్చగా ఉన్నాయి. అప్పుడు వెస్ట్‌బ్యాంక్ జోర్డాన్ చేతిలో, గాజా ఈజిప్టు చేతిలో ఉన్నాయి. నాలుగోది ఓస్లో ఒప్పందాల తర్వాత పాలస్తీనా అథారిటీకి అప్పగించిన ప్రాంతాలు. అంటే మొదటిది కొనుగోలును చూపిస్తోంది, రెండోది ప్రతిపాదనను, మూడోది సైన్యాలు ఆగిన గీతను, నాలుగోది పరిపాలన ఏర్పాటును. నాలుగు వేర్వేరు కొలతలను ఒకే వరసలో నిలబెట్టి, ఒకే వస్తువు తరిగిపోతున్నట్టు చూపించారు. 2015 అక్టోబర్‌లో అమెరికా చానల్ ఎంఎస్‌ఎన్‌బీసీ ఇలాంటి మ్యాపులే వేసి, కొద్దిరోజులకే అవి సరైనవి కావని ప్రసారంలో ఒప్పుకుంది. మరుసటి ఏడాది మెక్‌గ్రా-హిల్ సంస్థ ఇవే ఉన్న కాలేజీ పాఠ్యపుస్తకాన్ని వెనక్కి తీసుకుంది. తెలిసి తెలిసి మనం మళ్లీ వేద్దామా?

సబ్‌ఎడిటర్: వెనక్కి తీసుకున్నవాళ్లు దాని స్థానంలో ఏం పెట్టారో చెప్పండి. మ్యాపు తప్పన్నారు, తీసేశారు, చేతులు దులుపుకున్నారు. కానీ 1948 యుద్ధంలో ఏడు లక్షలమంది పాలస్తీనీయులు నిర్వాసితులయ్యారు. 400కు పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. వెళ్లినవాళ్లను తిరిగి రానివ్వలేదు. ఇవి తప్పుకాదు కదా? మ్యాపుతోపాటు ఈ నిజం కూడా తెర మీద నుంచి పోయింది. నాకు మీ ఖచ్చితత్వం మీద ఉన్న అనుమానమే ఇది. చిన్న తప్పు పట్టుకుని పెద్ద నిజాన్ని బయటికి నెట్టేయడానికి అది పనికొస్తోంది.

మాస్టారు: అందుకే తప్పు మ్యాపు వెయ్యొద్దంటున్నాను. ఆ అవకాశం ఇచ్చింది ఆ మ్యాపు గీసినవాళ్లే కదా.

సబ్‌ఎడిటర్: మీరు పోరంబోకు అన్నారు కాబట్టి అడుగుతున్నాను. పోరంబోకులో తరతరాలుగా దున్నుకుంటున్నవాడు మన ఊళ్లో లేడా? కాగితం లేకపోతే వాడిది కాకుండా పోతుందా? ఒట్టోమాన్ ప్రభుత్వం 1858లో భూచట్టం తెచ్చి రిజిస్టర్ చేయించుకోమంటే, పన్నుకీ సైన్యంలో చేర్చుకుంటారన్న భయానికీ చాలామంది రైతులు ముందుకు రాలేదు. కొందరు ఊరి పెద్దల పేర రాయించారు. ఊరంతా ఉమ్మడిగా పంచుకుని, కొన్నేళ్లకోసారి మార్చుకుంటూ సాగుచేసుకునే ముషా పొలాలు వేరే ఉన్నాయి. బేరూత్‌లో ఉండే సుర్సోక్ కుటుంబం జెజ్రీల్ లోయలోని భూములను యూదు సంస్థలకు అమ్మింది. కాగితం ప్రకారం అమ్మకం సక్రమమే. అక్కడ దున్నుకుంటున్న కౌలురైతులు మాత్రం లేచిపోవలసి వచ్చింది. ఆకుపచ్చలో పొరపాటుంది, ఒప్పుకుంటాను. అక్కడ ఎవరికీ ఏ హక్కూ లేదనడం అంతకంటే పెద్ద పొరపాటు.

మాస్టారు: బాగా చెప్పావు. ఇప్పుడు నువ్వు చెప్పిందాంట్లో ఒక్క ముక్కయినా ఈ పేజీలో ఉందా?

సబ్‌ఎడిటర్: చోటు ఎక్కడుంది? నాలుగు మ్యాపులు, ఆరువందల మాటలు.

మాస్టారు: మ్యాపులు తీసేస్తే చోటొస్తుంది. సుర్సోక్ భూముల కథ ఒక్కటి రాస్తే, అమ్మినవాడెవడో, కొన్నవాడెవడో, నష్టపోయినవాడెవడో ముగ్గురూ కనిపిస్తారు. ఆకుపచ్చలో ఎవరూ కనిపించరు.

సబ్‌ఎడిటర్: అటువైపు మాట కూడా చెప్పండి మరి. అక్కడ ఎవరూ లేరు, యూదులొచ్చి బీడును సాగుచేస్తే కూలికోసం అరబ్బులు వచ్చారు అంటూ ఇప్పటికీ వాట్సాప్‌లో తెలుగులో తిరుగుతోంది. అమెరికాలో 1984లో జోన్ పీటర్స్ ఇదే వాదనతో పెద్ద పుస్తకం రాస్తే అక్కడి పత్రికలు నెత్తిన పెట్టుకున్నాయి.

మాస్టారు: అమెరికా పరిశోధకుడు నార్మన్ ఫింకెల్‌స్టీన్ అందులోని లెక్కలను ఒక్కొక్కటే విప్పి చూపించాడు. ఇజ్రాయెల్ చరిత్రకారుడు యెహోషువా పోరాత్ కూడా ఆ వాదన నిలవదని రాశాడు. అసలు అంత దూరం పోనక్కర్లేదు. బ్రిటిష్‌వాళ్లు 1922లో చేసిన జనాభా లెక్క ఉంది. మొత్తం 7,57,182 మంది. ముస్లింలు 5,90,890. యూదులు 83,794. క్రైస్తవులు 73,024. ఈ నాలుగు అంకెలు వేస్తే ఖాళీ నేల కథ అక్కడితో ఆగిపోతుంది.

సబ్‌ఎడిటర్: వేస్తాను.

మాస్టారు: వేసేటప్పుడు ఇంకో అంకె కూడా పక్కన పెట్టు. అదే లెక్కలో జెరూసలేం జనం సుమారు 62,600. అందులో యూదులు దాదాపు 34,000, అంటే సగానికి పైగా. యూదులందరూ నిన్నగాక మొన్న యూరప్ నుంచి ఓడ దిగినవాళ్లేనన్నది కూడా అదే వాట్సాప్‌లో తిరిగే మాటే. ఒకే జనాభా లెక్క రెండు అబద్ధాలకూ సమాధానం చెబుతోంది. సగం కోసి వాడుకుంటే ఒక్కదానికే చెబుతుంది.

సబ్‌ఎడిటర్: మీరు ప్రతి మాటకీ పక్కన ఇంకో మాట పెట్టమంటున్నారు. డెస్కులో మేం దీన్ని రోజూ చూస్తాం. ఇటు ఒక పేరా, అటు ఒక పేరా. దాన్ని సమతూకం అంటారు. నాకది నచ్చదు. ఒకరికి దేశం ఉంది, సైన్యం ఉంది. ఇంకొకరికి అవి లేవు. 2023 సెప్టెంబర్‌లో నెతన్యాహు ఐక్యరాజ్యసమితి వేదిక మీద ఒక మ్యాపు పట్టుకుని నిలబడ్డాడు. వెస్ట్‌బ్యాంక్, గాజా రెండూ ఇజ్రాయెల్‌లో కలిసిపోయి ఉన్నాయి. పాలస్తీనా అన్న చోటే లేదు. ఒక ప్రధాని చేతిలోని మ్యాపునూ, శరణార్థి శిబిరం గోడ మీది మ్యాపునూ ఒకే త్రాసులో వేస్తారా?

మాస్టారు: అధికారం ఎవరికుందో రాయి, ఎంతుందో రాయి. అదీ చరిత్రే. దాచమని నేనెక్కడన్నాను? వెస్ట్‌బ్యాంక్‌లో 60 శాతం, సీ ఏరియా అనేది, పూర్తిగా ఇజ్రాయెల్ అదుపులోనే ఉందని రాయి. నేను వద్దంటున్నది ఒక్కటే. బలహీనుడి పక్షాన ఉన్నాం కాబట్టి వాడి మ్యాపును సరిచూడనక్కర్లేదనుకోవడం. పాలస్తీనా పాఠ్యపుస్తకాల్లో ఇజ్రాయెల్ పేరు లేని మ్యాపులున్నాయి. ఇజ్రాయెల్ పాఠ్యపుస్తకాల్లో వెస్ట్‌బ్యాంక్ హద్దు లేని మ్యాపులున్నాయి. రెండు వైపుల పరిశోధకులూ కలిసి చేసిన అధ్యయనం 2013లో ఈ మాటే చెప్పింది. పిల్లలు అవే చూసి పెరుగుతున్నారు. పత్రిక కూడా అవే చూపిస్తే ఇంకెవరు సరిచేస్తారు?

సబ్‌ఎడిటర్: సరిచేయడానికి ఆధారం కావాలంటారు. ఆధారం ఎవరి దగ్గరుంటుంది? కాగితాలు గెలిచినవాడి దగ్గరుంటాయి. 1982లో ఇజ్రాయెల్ సైన్యం బేరూత్‌లోకి వెళ్లినప్పుడు పాలస్తీనా పరిశోధన కేంద్రంలోని పుస్తకాలను, పత్రాలను లారీలకెత్తి తీసుకుపోయింది. మరుసటి ఏడాది ఖైదీల మార్పిడిలో తిరిగిచ్చింది. 2023 అక్టోబర్‌లో యుద్ధం మొదలయ్యాక విదేశీ విలేకరులను గాజాలోకి సొంతంగా పోనివ్వలేదు. సైన్యం వెంట పోయి, చూపించింది చూసి రావాలి. ఇలాంటిచోట రుజువు చూపించు అని అడగడమే ఒకవైపు మొగ్గడం.

మాస్టారు: ఇది బలమైన మాట. దీనికి నేను వాదనతో బదులు చెప్పను, ఒక ఊరి గురించి చెబుతాను. దేర్ యాసీన్ తెలుసు కదా?

సబ్‌ఎడిటర్: జెరూసలేం పడమటి వైపు ఊరు. 1948 ఏప్రిల్ 9న ఇర్గున్, లెహి అనే యూదు సాయుధ దళాలు దాడిచేసి ఊరివాళ్లను చంపాయి.

మాస్టారు: ఎంతమందిని?

సబ్‌ఎడిటర్: మా ఆర్కైవ్‌లో 254 అని ఉంది.

మాస్టారు: ఆ అంకెను విలేకరులకు చెప్పింది దాడిచేసిన ఇర్గున్ కమాండరే. శత్రువును బెదరగొట్టడానికి పెద్ద అంకె వాళ్లకు పనికొచ్చింది. అరబ్బు నాయకులు కూడా అదే పట్టుకున్నారు. అరబ్బు సైన్యాలను కదిలించడానికి పెద్ద అంకె వీళ్లకు పనికొచ్చింది. న్యూయార్క్ టైమ్స్ సహా పత్రికలు అచ్చేశాయి. అప్పట్లో పాలస్తీనా రేడియో అరబ్బీ విభాగంలో పనిచేసిన హాజెం నుసైబే చాలా ఏళ్ల తర్వాత బీబీసీ డాక్యుమెంటరీలో మాట్లాడారు. దారుణాలను పెంచి ప్రసారం చేశామని, అది విన్న పల్లెల జనం హడలిపోయి పారిపోయారని చెప్పారు. పెంచి చెప్పిన వార్త తన జనాన్నే ఇళ్లు వదిలేలా చేసింది.

సబ్‌ఎడిటర్: అసలు అంకె ఎంత?

మాస్టారు: 1987లో బిర్ జైత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్క తీశారు. అది వెస్ట్‌బ్యాంక్‌లోని పాలస్తీనా విశ్వవిద్యాలయం. వాళ్ల దగ్గర సైనిక పత్రాలు లేవు. దేర్ యాసీన్ నుంచి బతికి బయటపడినవాళ్లను వెతుక్కుంటూ పోయారు. ఏ ఇంట్లో ఎవరున్నారు, ఎవరు పోయారు, వాళ్ల పేరేమిటి అని కుటుంబాలవారీగా అడిగారు. చనిపోయినవాళ్లు 107 మంది అని తేల్చారు. నలభై ఏళ్లుగా ప్రపంచమంతా చెప్పుకుంటున్న అంకెను సగానికి తగ్గించింది ఇజ్రాయెల్ కాదు, పాలస్తీనీయులే. కాగితం లేనివాడికి రుజువు ఎలా దొరుకుతుందని అడిగావు. ఇలా దొరుకుతుంది.

సబ్‌ఎడిటర్: 107 అయినా అది ఊచకోతే.

మాస్టారు: కచ్చితంగా. పైగా ఇప్పుడు దాన్ని ఎవరూ కాదనలేరు. 254 అన్నంతకాలం, అంకె అబద్ధం కాబట్టి మొత్తం కథే కట్టుకథ అనడానికి వీలుండేది. 107 పేర్లున్న జాబితాను అలా కొట్టిపారేయడం కుదరదు. దిక్కులేనివాడికి ఖచ్చితత్వం అడ్డమన్నావు. వాడికి మిగిలిన ఆస్తి అదొక్కటే అంటాను నేను. బలవంతుడు అబద్ధమాడి కూడా నెగ్గుకు రాగలడు. బలహీనుడి లెక్కలో ఒక్క అంకె తప్పినా వాడి గోడు మొత్తం కొట్టేస్తారు.

సబ్‌ఎడిటర్: ఈ మాట ఒప్పుకుంటాను. అయితే అదే కొలత అటు కూడా పెట్టాలి. అరబ్బు నాయకులే రేడియోలో వెళ్లిపొమ్మని ఆదేశించారు, అందుకే పాలస్తీనీయులు పోయారు అన్న మాట దశాబ్దాలపాటు పాశ్చాత్య పత్రికల్లో నడిచింది. ఎర్స్‌కిన్ చైల్డర్స్ అనే ఐరిష్ పాత్రికేయుడు, 1948లో ఆ ప్రాంతపు రేడియో ప్రసారాలను బీబీసీ విని రాసిపెట్టిన రికార్డులను తిరగేశాడు. వెళ్లిపొమ్మన్న ఆదేశం ఒక్కటి కూడా కనిపించలేదు. ఉన్నచోటే ఉండమన్న విజ్ఞప్తులు కనిపించాయి. 1961లో స్పెక్టేటర్ పత్రికలో ఆ సంగతి రాశాడు.

మాస్టారు: పేజీలో పెట్టు. ఇజ్రాయెల్ పత్రాలు బయటికొచ్చాక వాటిని చదివి ఇజ్రాయెల్ చరిత్రకారుడు బెన్నీ మోరిస్ 1988లో రాసిన పుస్తకం కూడా ప్రస్తావించు. ఊరికో కారణం కనిపిస్తుంది అందులో. లిద్దా, రమ్లే పట్టణాల నుంచి జూలైలో సైన్యమే జనాన్ని వెళ్లగొట్టింది. కొన్ని ఊళ్లు దాడి భయంతో ఖాళీ అయ్యాయి. హైఫాలో అక్కడి అరబ్బు నాయకులే ఖాళీ చేయడానికి నిర్ణయించుకున్నారు. అందరూ తమంతట తామే పోయారన్నది అబద్ధం. అందరినీ ఒకే పద్ధతిలో తరిమారన్నదీ నిలవదు.

సబ్‌ఎడిటర్: హైఫా అన్నారు కాబట్టి చెబుతున్నాను. ప్రతి సెప్టెంబర్‌లో మాకో వార్త వస్తుంది, 1918లో హైదరాబాద్ సైనికులు ఒట్టోమాన్ల నుంచి హైఫాను విడిపించారని. తెలుగువాళ్లకు ఇష్టమైన వార్త.

మాస్టారు: సెప్టెంబర్ 23న హైఫా మీద గుర్రాలతో దూకింది జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు. హైదరాబాద్ లాన్సర్లు అదే బ్రిగేడ్‌లో ఉన్నారు. ఢిల్లీ తీన్‌మూర్తి స్మారకంలో ముగ్గురూ ఉంటారు కాబట్టి దాడిలోనూ ముగ్గురినీ కలిపేస్తారు. మనకు గర్వంగా ఉంటుందని కలపకూడదు. ఇది చిన్న విషయమే. కానీ మనకు నచ్చిన చోట సరిచూడనివాళ్లం, పరాయివాళ్ల భూమి దగ్గర సరిచూస్తామా?

సబ్‌ఎడిటర్: ఇంకో తగువు మిగిలింది మాస్టారూ. కథ ఎక్కడ మొదలుపెట్టాలి? ఏజెన్సీ వార్త ఎప్పుడూ చివరి దాడి దగ్గర మొదలవుతుంది. నిన్న వాళ్లు రాకెట్ వేశారు, ఇవాళ వీళ్లు బాంబు వేశారు. నేను 1948 నుంచి మొదలుపెట్టాను.

మాస్టారు: 1948 నుంచి మొదలుపెడితే 1947 పోతుంది. ఆ నవంబర్ 29న ఐక్యరాజ్యసమితి 33 ఓట్లతో విభజన తీర్మానం చేసింది. 13 దేశాలు వద్దన్నాయి, అందులో మన దేశం ఒకటి. యూదు నాయకత్వం ఒప్పుకుంది, అరబ్బులు ఒప్పుకోలేదు. ఇక్కడితో ఆపితే, ఇస్తే వద్దన్నారు కాబట్టి అనుభవిస్తున్నారనిపిస్తుంది.

సబ్‌ఎడిటర్: ఎందుకు వద్దన్నారో చెప్పకపోతే అలాగే అనిపిస్తుంది. అప్పటికి అరబ్బులు సుమారు 12 లక్షలు, యూదులు 6 లక్షలు. జనాభాలో మూడోవంతు ఉన్నవాళ్ల దేశానికి దాదాపు 55 శాతం భూమి. ఆ యూదు దేశంలోనే నాలుగు లక్షలకు పైగా అరబ్బులు ఉండాల్సి వచ్చేది.

మాస్టారు: ఆ 55 శాతంలో పెద్ద భాగం నెగెవ్ ఎడారి అనీ, యూరప్‌లో నాజీల నుంచి బతికి బయటపడిన యూదులు శిబిరాల్లో ఎదురుచూస్తున్నారనీ కూడా రాస్తేనే అటువైపు ఎందుకు ఒప్పుకున్నారో తెలుస్తుంది. దేర్ యాసీన్ జరిగిన నాలుగో రోజున హదస్సా ఆసుపత్రికి పోతున్న వాహనాల మీద అరబ్బు దళాలు దాడిచేసి డాక్టర్లు, నర్సులు సహా 78 మందిని చంపాయని రాయి. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఇరాక్, ఈజిప్టు, యెమెన్, మొరాకో వంటి దేశాల నుంచి సుమారు ఎనిమిది లక్షలమంది యూదులు కదిలిపోయారని, వాళ్లలో చాలామంది ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్లేనని రాయి.

సబ్‌ఎడిటర్: రాస్తాను. కానీ ఆ ఎనిమిది లక్షలను ఈ ఏడు లక్షల పక్కన పెట్టి, లెక్క సరిపోయిందని మాత్రం రాయను. బాగ్దాద్‌లో యూదుడి ఇల్లు లాక్కున్నది జాఫాలో ఇల్లు పోగొట్టుకున్న పాలస్తీనీయుడు కాదు. ఒకరి నష్టంతో ఇంకొకరి నష్టాన్ని కొట్టేయడానికి ఇదేం అప్పుల పద్దు కాదు.

మాస్టారు: కొట్టేయమని నేనూ అనను. రెండూ వెయ్యమంటాను.

సబ్‌ఎడిటర్: అయితే మీ షరతులు చెప్పండి, నావి చెబుతాను.

మాస్టారు: నావి మూడు. మ్యాపు వేస్తే ఆ రంగు సొంతదారును చూపిస్తోందా, పాలకుడిని చూపిస్తోందా, అక్కడ ఉంటున్నవాళ్లను చూపిస్తోందా మ్యాపు మీదే రాయాలి. అంకె వేస్తే ఎవరు లెక్కపెట్టారో, ఏ ఏడాదో చెప్పాలి. కారణం చెబితే ఆ ఊరికి, ఆ నెలకు సంబంధించిన కారణమే చెప్పాలి.

సబ్‌ఎడిటర్: నావి రెండు. తప్పు తీసేసినచోట ఖాళీ వదలకూడదు, నిజాన్ని అంతే పెద్దగా వెయ్యాలి. ఈ నాలుగు మ్యాపులు తీసేస్తాను, సుర్సోక్ భూములు, 1922 లెక్క, దేర్ యాసీన్ పేర్ల జాబితా, లిద్దా, రమ్లే, హైఫా వేస్తాను. రెండోది, చరిత్ర పేజీ యుద్ధం రోజునే రాకూడదు. బాంబులు పడుతున్నప్పుడు రాసిన చరిత్రలో కోపమే ఎక్కువుంటుంది, చదివేవాడిలోనూ అదే ఉంటుంది. ఏమీ జరగని వారంలో కూడా వెయ్యాలి.

మాస్టారు: నీ ఎడిటర్ ఒప్పుకుంటాడా? పాఠకుడికి ఇందులో ఏముందని అడుగుతాడు.

సబ్‌ఎడిటర్: చాలా ఉంది. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి పోయి ఇజ్రాయెల్‌లో ముసలివాళ్లను చూసుకునే పనిలో ఉన్నవాళ్లు ఫోన్లో మా పేపరే చదువుతారు. గాజా కోసం హైదరాబాద్‌లో ర్యాలీకి పోయి వచ్చినవాళ్లూ మా పేపరే చదువుతారు. ఇద్దరికీ మింగుడుపడని నిజం ఒక్కటైనా ఈ పేజీలో ఉండాలి. అయితే అది ఇద్దరికీ సమానంగా ఉండేలా మాత్రం నేను చూడను మాస్టారూ. ఎవరికి ఎంత వస్తే అంత.

మాస్టారు: దానికి నాకు అభ్యంతరం లేదమ్మా. లెక్కపెట్టినవాడి పేరు, ఏడాది పక్కనే ఉంటే చాలు. ప్రూఫు ఇటివ్వు, మొదటి మ్యాపు తీసేసినచోట అరబ్బు రైతుల పొలాలెంతో, ప్రభుత్వ భూమి ఎంతో విడదీసి రాద్దాం.